తెలిసిన పాటే గురువు



మన గ్రామ సంఘములలో పాట పాడని ఇల్లు అరుదు. వాద్యము వాయించగల ఇల్లు మాత్రం అంతకంటె అరుదు. హార్మోనియం తెలిసిన ఉపదేశి గారో, డోలకు మీద చేయి తిరిగిన పెద్దాయనో ఒకప్పుడు చాలా ఊళ్లలో ఉండేవారు. వారు వృద్ధులయ్యారు, వారి పిల్లలు పట్నాలకు వెళ్లారు. ఇప్పుడు అనేక చోట్ల సెల్‌ఫోనులోని సంగీతాన్ని స్పీకరుకు తగిలించి దాని వెంట పాడుతున్నాము. అందులో సౌకర్యం లేదని మేము అనము. కాని ఆ పెట్టె మన కోసం ఆగదు. ఒక అవ్వ కన్నీటితో ఒక చరణం మరల ఎత్తుకుంటే అది తన దారిన తాను పోతుంది. పైగా ఎన్ని ఏండ్లు దాని వెంట పాడినా మన పిల్లల చేతికి ఏ విద్యా రాదు.

అందుచేత ఈ నెల ఒక చిన్న వాద్యమును గూర్చి చెప్పదలచాము. దాని పేరు రికార్డరు. నేర్పే మాష్టారు లేని ఊరిలో కూడా, పదేండ్ల పిల్ల గాని, నలభై ఏండ్ల తండ్రి గాని, అందరికీ తెలిసిన పాత పాటలతో దీనిని మొదలుపెట్టవచ్చును. ఎలాగో చూద్దాము.

టేపు రికార్డరు కాదు

రికార్డరు అనగానే మనకు క్యాసెట్లు వేసే పెట్టె గుర్తుకు వస్తుంది. ఇది వేరు. ఇది నోటితో ఊదే గొట్టము, మన పిల్లనగ్రోవికి దగ్గర చుట్టము. పిల్లనగ్రోవిని అడ్డంగా పట్టి, రంధ్రపు అంచు మీదికి పెదవులతో గాలిని మళ్లించాలి. అది సరిగ్గా పలకడానికే కొందరికి వారాలు పడుతుంది. రికార్డరును సన్నాయి వలె నిలువుగా పట్టుకుంటాము. దాని మూతిలో, ఈలలో ఉన్నట్లు, గాలికి సన్నని దారి ఉంటుంది. ఆ దారి వెంట పోయిన ఊపిరి తనంతట తానే అంచుకు తగిలి పలుకుతుంది. తిరునాళ్లలో పిల్లలకు అమ్మే ఈల పిల్లనగ్రోవి ఈ జాతిదే. రికార్డరుకు ముందువైపు ఏడు రంధ్రాలు, వెనుక ఎడమ బొటనవేలికి ఒకటి, మొత్తం ఎనిమిది ఉంటాయి.

రికార్డు అనే ఇంగ్లీషు మాటకు పూర్వం జ్ఞాపకం చేసుకోవడం, పాటను పదే పదే పాడి సాధన చేయడం అనే అర్థాలు ఉండేవి. ఈ వాద్యానికి పేరు అక్కడినుండే వచ్చింది. జ్ఞాపకంలో ఉన్న పాటను వేళ్లకు నేర్పడమే దీని పని.

యూరపులో ఇది పురాతనమైన వాద్యము. ఇంగ్లండు రాజు ఎనిమిదవ హెన్రీ 1547లో చనిపోయిన తరువాత ఆయన సొత్తు జాబితా వ్రాస్తే అందులో 76 రికార్డర్లు లెక్కకు వచ్చాయి. ఆరాధన సంగీతానికి జీవితమిచ్చిన బాఖ్ తన యవ్వనంలో మరణ ఆరాధన కోసం కూర్చిన ఒక సంగీతాన్ని రెండు రికార్డర్ల మృదువైన పలుకుతో మొదలుపెట్టాడు. 18వ శతాబ్దం మధ్యనాటికి, ఇంకా బిగ్గరగా పలికే అడ్డపు ఫ్లూటు వచ్చి దీనిని మూలకు నెట్టింది. ఇంగ్లండులో ఆర్నాల్డ్ డాల్మెచ్ అనే వాద్యాల పనివాడు 1919లో దీనిని మరల తయారుచేశాడు. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత ప్లాస్టిక్ రికార్డర్లు రావడంతో ఇది బడిపిల్లల చేతికి అందింది.

ఇది చిన్నపిల్లల ఆట వస్తువే అనుకొనకండి. శామ్యూల్ పీప్స్ అనే ఇంగ్లండు నౌకాదళ అధికారి 1668లో, తన 35 ఏండ్ల వయస్సులో, నాటకశాలలో ఊదు వాద్యాల సంగీతం విని ఆ రాత్రంతా మనస్సు నిలువక తపించాడు. కొన్ని వారాలకు దుకాణానికి వెళ్లి ఒక రికార్డరు కొనుక్కున్నాడు. ఆ సంగతి తన దినచర్య పుస్తకంలో వ్రాసుకున్నాడు. ఆశ కలిగిన వయస్సే నేర్చుకొనే వయస్సు.

కొనేటప్పుడు చూడవలసినవి

మొదట కొనవలసినది సోప్రానో రకము. దీనినే కొందరు డెస్కాంట్ అంటారు. పొడవు ఒక అడుగుకు కొంచెం ఎక్కువ ఉంటుంది. ప్లాస్టిక్‌ది చాలు. కొన్ని వందల రూపాయలలో వస్తుంది, నీటితో కడుక్కోవచ్చును, చెక్కదానివలె తేమకు పగలదు.

ఒక్క విషయం అడిగి తెలుసుకోండి. వేళ్లు వేసే పద్ధతులు రెండు ఉన్నాయి, ఒకటి బరోక్, రెండవది జర్మన్. ముందువైపు పైనుండి లెక్కిస్తే అయిదవ రంధ్రము నాలుగవ దానికంటె చిన్నదిగా ఉంటే అది జర్మన్ పద్ధతిది. అది మొదట సులువుగా కనబడుతుంది గాని, ముందుకు పోయేకొద్దీ కొన్ని స్వరాలు శ్రుతిలో నిలువవు. గనుక బరోక్ పద్ధతిదే కొనండి. ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే రెండు కొనగలిగితే మంచిది. ఒక్కటే ఉంటే, ఒకరు ఊదిన తరువాత మూతిని కడిగి తుడిచి ఇంకొకరికి ఇవ్వాలి. దగ్గు, జ్వరం ఉన్నవారు ఊదినది ఇతరులకు ఇవ్వరాదు. ఎండలో గాని, పొయ్యి దగ్గర గాని పెట్టవద్దు. మరిగే నీళ్లు పోయవద్దు, గోరువెచ్చని నీళ్లు చాలు.

ఊపిరి సంగతి

ఊదగానే పలకడం రికార్డరుకున్న మంచి గుణము. అదే దానిలోని చిక్కు కూడా. పలికింది కదా అని పిల్లలు బలంగా ఊదుతారు. అప్పుడది కీచుమని అరుస్తుంది, శ్రుతి పైకి పోతుంది, ఇంట్లోవారు చెవులు మూసుకుంటారు. తప్పు వాద్యానిది కాదు, గాలి ఎక్కువైంది.

ఎంత గాలి కావాలో తెలుసుకోవడానికి ఒక ఉపాయం ఉంది. వెలుగుతున్న కొవ్వొత్తిని జానెడు దూరంలో పెట్టి మెల్లగా ఊదండి. జ్వాల వంగాలి, ఆరకూడదు, అల్లాడకూడదు. అలా పది లెక్కపెట్టేవరకు ఒకే తీరున వంగి ఉంటే ఆ ఊపిరి రికార్డరుకు సరిపోతుంది. కింది స్వరాలకు ఇంకా తక్కువ కావాలి. పెద్దవారు దగ్గరుండి ఈ సాధన చేయించాలి.

ప్రతి స్వరాన్ని నాలుకతో మొదలుపెట్టాలి. నోటిలో మెల్లగా "దు" అన్నట్లు నాలుకను పళ్ల వెనుక తాకించి వదలాలి. గొంతుతో శబ్దం చేయకూడదు. "హు" అని ఊదితే స్వరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి పాట అర్థం కాదు. మూతిని పెదవుల మధ్యనే ఉంచాలి, పళ్లతో కొరకరాదు.

ఇక వేళ్లు. ఎడమ చెయ్యి పైన, కుడి చెయ్యి కింద ఉండాలి. కుడిచేతివాటం పిల్లలు తమకు తెలియకుండానే కుడి చేతిని పైన పెడతారు. మొదటి రోజే సరిచేయండి, అలవాటైతే మార్చడం కష్టం. రంధ్రాన్ని వేలి కొనతో కాక, వేలిముద్ర వేసే మెత్తని భాగంతో మూయాలి. కొంతసేపు ఊదిన తరువాత వేళ్లు చూసుకుంటే ఆ మెత్తని భాగం మధ్యలో రంధ్రపు గుండ్రని గుర్తు పడి ఉండాలి. గుర్తు పక్కకు పడితే అక్కడినుండి గాలి కారుతున్నదన్న మాట. కీచుమనడానికి రెండవ కారణం అదే.

ఐదు స్వరాలు

హార్మోనియం తెలిసినవారు ఐదు శ్రుతి అంటారు గదా, ఆ స్వరాన్ని షడ్జంగా పెట్టుకుంటే ఎడమ చేతితోనే ఐదు స్వరాలు వస్తాయి. ఈ ఐదింటికి కుడి చేతి వేళ్లు ఏమీ మూయనక్కరలేదు. కుడి బొటనవేలు అడుగున ఆనుగా ఉంటే చాలు.

గ: వెనుక రంధ్రంపై బొటనవేలు, ముందు మొదటి రంధ్రంపై చూపుడువేలు.
రి: వాటికి నడిమివేలు కలపాలి.
స: వాటికి ఉంగరపువేలు కూడా కలపాలి.
మ: వెనుక బొటనవేలు, ముందు నడిమివేలు మాత్రమే. చూపుడువేలు ఎత్తాలి.
ప: నడిమివేలు ఒక్కటే. బొటనవేలు కూడా తీయాలి.

మొదటి వారం గ, రి మాత్రమే సాధన చేయండి. రెండవ వారం స కలపండి. మూడవ వారం మ, ప. రోజుకు పది నిమిషాలు చాలు. ఆదివారం గంటసేపు ఊది మిగతా ఆరు రోజులు అటక మీద పెట్టేకంటె ఈ పది నిమిషాలే మేలు.

గ నుండి మ కు పోయేటప్పుడు అందరూ తడబడతారు. చూపుడువేలు లేస్తున్న క్షణమే నడిమివేలు దిగాలి. ఒకటి ముందు, ఒకటి వెనుక అయితే మధ్యలో అక్కరలేని స్వరం ఒకటి దూరుతుంది. ఆ రెండు స్వరాలనే నిదానంగా ఇరవై సార్లు మార్చి మార్చి ఊదాలి. పాటంతా ఇరవై సార్లు వాయించినా ఈ ముడి విడదు.

తెలిసిన పాటే ఎందుకు?

ఇప్పుడు అసలు సంగతికి వద్దాము. ఊరిలో గురువు లేడు. తప్పు వాయిస్తే తప్పని చెప్పేదెవరు? పాట ముందే తెలిసి ఉంటే మన చెవే చెబుతుంది. చిన్నప్పటినుండి విన్న పాటలో ఒక్క స్వరం దారి తప్పినా, సంగీతం రానివారికి సహా "ఇది కాదే" అనిపిస్తుంది. ఆ "ఇది కాదే" అన్నదే గురువు. తెలియని పాటను కాగితం చూసి వాయిస్తే ఆ గురువు పలకడు. అందుకే అందరికీ కంఠస్థమైన పాత పాటలతోనే మొదలుపెట్టాలి.

పద్ధతి ఇది. ముందు పాటను నోటితో పాడండి. తరువాత మాటలకు బదులు స్వరాల పేర్లతో పాడండి. ఆ తరువాత రికార్డరును గడ్డానికి ఆనించి, ఊదకుండా వేళ్లు మాత్రం ఆడిస్తూ పాడండి. చివరకు ఊదండి. ఈ నాలుగు మెట్లు ఎక్కినవారికి కీచు శబ్దాలు సగం తగ్గుతాయి, ఇంట్లోవారికి ఓపిక సగం మిగులుతుంది.

ఏ పాట ముందు, ఏది తరువాత?

మనకు ఎంత ఇష్టమో చూసి కాదు, ఎన్ని స్వరాలు కావాలో చూసి పాటను ఎంచుకోవాలి.

మూడు స్వరాల పాటలు: ఇంగ్లండులో శుభ శుక్రవారం నాడు సిలువ గుర్తు పెట్టిన తియ్యని రొట్టెలు తింటారు. వాటిని వీధిలో అమ్మేవారి కేక నుండి వచ్చిన "హాట్ క్రాస్ బన్స్" అనే చిన్న పాట అక్కడి పిల్లలలో చాలామందికి రికార్డరు మీద మొదటి పాట. గ, రి, స మూడే స్వరాలు. మన పిల్లలకు బడిలో చెప్పే "మేరీ హాడ్ ఎ లిటిల్ లాంబ్" కూడా ఈ మూడింటితోనే దాదాపుగా వస్తుంది. ఒకచోట ప కలిపితే నిండుగా ఉంటుంది.

ఐదు స్వరాల పాటలు: "జింగిల్ బెల్స్" పల్లవి ఈ ఐదింటిలోనే పూర్తిగా ఇమిడిపోతుంది. 1857లో అమెరికాలో అచ్చయిన పాట ఇది. "వెన్ ద సెయింట్స్" అనే అమెరికా నల్లజాతి విశ్వాసుల పాట కూడా ఐదింటిలోనే వస్తుంది. వీటికంటె గొప్ప పేరుగలది బేతోవెన్ తొమ్మిదవ సింఫనీలోని ఆనంద గీతము. 1824లో వియన్నాలో మొదటిసారి వినిపించే నాటికి ఆయనకు వినికిడి దాదాపుగా పోయింది. వెనుక చప్పట్లు కొడుతున్నా తెలియక నిలబడి ఉంటే, ఆయనను జనుల వైపు తిప్పవలసి వచ్చిందని చెబుతారు. ఆ మహా సంగీతపు ముఖ్య వరుసలో స్వరాలు దాదాపు అన్నీ పక్కపక్క మెట్లే. గ దగ్గర మొదలై ప వరకు ఎక్కి, మెట్టుమెట్టుగా స కు దిగుతుంది. మూడవ పాదంలో ఒక్కచోట మాత్రం కింది ప తగులుతుంది. ఆ పాదం తరువాతకు ఉంచుకోండి. ఈ వరుసకు ఇంగ్లీషులో ఆరాధన పాట కూడా ఉన్నది.

కుడి చెయ్యి కలిసే పాటలు: ఎడమ చేతి రంధ్రాలన్నీ మూసి, కుడి చూపుడువేలు, నడిమివేలు కలిపితే కింది ధ వస్తుంది. దానికి కుడి ఉంగరపువేలు కలిపితే కింది ప. ఈ రెండూ వస్తే "అమేజింగ్ గ్రేస్" మీ చేతిలో ఉన్నట్లే. బానిసల ఓడలు నడిపి, ఆ తరువాత సువార్త సేవకుడైన జాన్ న్యూటన్ తన ఓల్నీ సంఘంలో 1773 నూతన సంవత్సర దినానికి ఆ పాట వ్రాశాడు. నేడు మనం పాడే వరుస 1835లో అమెరికాలో దానితో కలిసింది. ఈ వరుసలో మ, ని లేవు. స, రి, గ, ప, ధ మాత్రమే. మన మోహన రాగపు స్వరాలు ఇవే. తెలుగు చెవికి అది పరాయిగా తోచకపోవడానికి ఇది ఒక కారణం కావచ్చును. వీడ్కోలు సమయాల్లో పాడే స్కాట్లండు పాట "ఆల్డ్ లాంగ్ సైన్" కూడా ఈ ఐదు స్వరాలదే. కాని అందులో పై ధ వరకు పోవాలి. దానికి వెనుక బొటనవేలును కొంచెం జరిపి రంధ్రాన్ని సందుగా తెరవాలి. అది మూడు నాలుగు నెలల తరువాతి మాట.

తొందరపడకూడని పాటలు: క్రిస్మస్ దగ్గరపడగానే అందరూ "సైలెంట్ నైట్" అడుగుతారు. 1818లో ఆస్ట్రియాలోని ఓబర్న్‌డార్ఫ్ అనే ఊరిలో మొదట పాడిన ఆ పాట వినడానికి నెమ్మదిగా, తేలికగా ఉంటుంది. కాని దాని వరుస ఎనిమిది మెట్లు దాటి ఇంకొక మూడు మెట్లు పైకి పోతుంది. "జాయ్ టు ద వరల్డ్" మొదటి పాదమే పై షడ్జం నుండి కింది షడ్జం వరకు ఎనిమిది మెట్లు వరుసగా దిగుతుంది. ఒక్క వేలు సరిగ్గా మూయకపోయినా దొరికిపోతాము. ఇలాంటివి మొదటి నెలలో ప్రయత్నించి "మాకు రాదు" అని వాద్యాన్ని మూలపెట్టినవారు ఉంటారు. రానిది వారికి కాదు, పాట వరుసలో ముందుకు వచ్చింది, అంతే.

మన కీర్తనల సంగతి ఏమిటని అడుగుతారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో, పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) మొదలైన వారి కీర్తనలకు పైన రాగము, తాళము అచ్చువేసి ఉంటాయి. శంకరాభరణం, మోహన అని ఉన్నవాటిని ముందు చూడండి. అయితే మీ సంఘంలో పాడే వరుస పుస్తకంలోని రాగానికి కొంత భిన్నంగా ఉండవచ్చును. మీరు పాడే వరుసనే పట్టుకోండి. శంకరాభరణానికి ని కావాలి. ఎడమ చేతి రంధ్రాలన్నీ మూసి, కుడి చూపుడువేలు ఎత్తి, కుడి నడిమివేలు, ఉంగరపువేలు వేస్తే బరోక్ పద్ధతి రికార్డరులో ఆ ని వస్తుంది. గమకాలు ఇప్పుడే వద్దు. ముందు స్వరం నిటారుగా నిలబడాలి, ఊగడం తరువాత.

ఇవి లోకపు పాటలు కావా?

కొందరు విశ్వాసులకు సందేహం కలుగుతుంది. బడి పాటలు, జానపదాలు, వీడ్కోలు పాటలు మన ఇండ్లలో వాయించవచ్చునా? ఈ సందేహాన్ని మేము తేలికగా తీసివేయము. చరిత్ర ఏమి చెబుతుందో చూద్దాము.

హాన్స్ లియో హాస్లర్ అనే జర్మను సంగీతకారుడు 1601లో ఒక ప్రేమ పాట అచ్చువేశాడు. కొన్ని ఏండ్లకే ఆ వరుస ఆరాధనలోకి వచ్చింది. తరువాత పాల్ గెర్హార్ట్ ముళ్ల కిరీటం ధరించిన క్రీస్తు శిరస్సును గూర్చి వ్రాసిన పాట దానితో ఏకమైంది. బాఖ్ మత్తయి సువార్త ప్రకారమైన శ్రమల సంగీతంలో ఆ వరుసనే పలుమార్లు వాడాడు. నేడు దానిని వింటే ఎవరికీ ప్రేమ పాట గుర్తుకు రాదు, సిలువయే గుర్తుకు వస్తుంది. "గ్రీన్‌స్లీవ్స్" అనేది 1580 నాటికే లండనులో తెలిసిన లోకపు పాట. పశువుల తొట్టిలోని శిశువును గూర్చి 1865లో వ్రాసిన క్రిస్మస్ పాటను నేడు ఆ వరుసతోనే పాడుతున్నారు.

స్వరానికి పాపం అంటదు. మాట, ఉద్దేశ్యము, అవి మనలను ఎటు నడిపిస్తాయి అన్నదే ప్రశ్న. ఇందులో ఇంకొక సంగతి ఉన్నది. రికార్డరు మాటలు పలకదు. వరుస వినబడగానే మాటలు వినేవారి మనస్సులోనుండి వస్తాయి. కాబట్టి ఇంట్లో సాధనకు బడి పాటైనా, జానపదమైనా ఫరవాలేదు. ఆరాధనలో మాత్రం, విన్నవారి మనస్సులో ఏ మాటలు లేస్తాయో ఆలోచించి వరుసను ఎంచుకోవాలి. నీచమైన మాటలు గుర్తుకు తెచ్చే సినిమా వరుస మీద భక్తి మాటలు అతికించినా, వినేవారి మనస్సు పాత మాటల వెంటనే పోతుంది.

ఇంట్లో పెద్దలకు ఒక మాట

రికార్డరు నేర్చుకొనే పిల్లలకు మొదటి నెలలో కీచు స్వరం కంటె పెద్ద ఆటంకం మన నోరు. "ఆ పీపీ ఆపరా, తల నొప్పి" అని ఒకసారి అంటే చాలు, ఆ పిల్లవాడు మరల దాని జోలికి పోడు. ఆడపిల్లైతే "నీకెందుకే ఊదే బూర" అంటారు. మిరియాము తంబుర పట్టుకొని స్త్రీలందరిని నడిపించిన సంగతి నిర్గమకాండము 15వ అధ్యాయంలో చదివే మనము ఆ మాట అనతగునా?

నలిగిన రెల్లును విరవని, ఆరిపోతున్న వత్తిని ఆర్పని దేవుని సేవకుని గూర్చి యెషయా 42వ అధ్యాయం చెబుతుంది. మన పిల్లల ప్రయత్నాల పట్ల మనము ఆ సేవకుని పోలి ఉన్నామా? అల్పమైన కార్యముల దినమును తృణీకరించవద్దని జెకర్యా 4:10 భావము. మూడు స్వరాల పాట అటువంటి అల్పమైన దినమే.

అలాగని ఇల్లంతా రోజంతా భరించాలని మేము చెప్పడం లేదు. పది నిమిషాలకు వేళ నిర్ణయించండి. సాయంకాలం గొడ్లు ఇంటికి చేరే వేళ చాలా ఇండ్లకు అనుకూలం. పక్కింట్లో జబ్బుమనిషి ఉన్నా, పరీక్షకు చదివే పిల్లలున్నా, పొలం గట్టుకో చెట్టు కిందికో పంపండి. చుట్టాలు రాగానే "ఏదీ, వాయించు" అని బలవంతం చేయకండి. ఒక పిల్ల ఊదుతుంటే ఇంకొకరు పాడండి. తాతకో అవ్వకో వారానికొకసారి వినిపించే ఏర్పాటు చేయండి. కొంతసేపు ఊదాక లోపల తేమ చేరి పలుకు బొంగురుపోతే అది పాడైనట్లు కాదు. ఊదే ముందు పై భాగాన్ని అరచేతులలో కాసేపు వెచ్చచేస్తే ఆ తేమ తక్కువ చేరుతుంది.

ఆరాధనకు ఎప్పుడు తీసికొని వెళ్లాలి?

పిల్లలకు రెండు పాటలు రాగానే ఆదివారం సంఘం ముందు నిలబెట్టాలని తల్లిదండ్రులకు ఆశ. ఆ ఆశ మంచిదే, తొందర మంచిది కాదు. సిద్ధమైనదీ లేనిదీ తెలుసుకోవడానికి మేము ఒక పరీక్ష సూచిస్తున్నాము. వేరే సంగీత పండితుడెవరూ అక్కరలేదు. పాట పేరు చెప్పకుండా ముందు గదిలో వాయించమనండి. వెనుక వంటింట్లో ఉన్న అవ్వ అది ఏ పాటో చెప్పగలగాలి. ఆమె వెంటనే సన్నగా గొంతు కలిపితే ఆ పాట సిద్ధమైనట్లే. "ఏదో ఊదుతున్నాడు" అంటే ఇంకా రెండు వారాలు కావాలి.

ఈ పరీక్ష మేము కల్పించినది కాదు. పిల్లనగ్రోవి గాని వీణ గాని స్వరముల భేదము తెలియనట్లు పలికితే, ఊదినదేదో మీటినదేదో ఎవరికి అర్థమవుతుందని పౌలు కొరింథు సంఘమును అడిగాడు (1 కొరింథీ. 14:7). ఆయన చెప్పదలచినది సంఘములో పలికే మాటలు వినేవారికి అర్థమై క్షేమాభివృద్ధి కలిగించాలని. ఆ ఉపమానము మనకు ఇక్కడ అక్షరాలా సరిపోతుంది. ఎంత బిగ్గరగా, ఎంత వేగంగా, ఎన్ని పాటలు అన్నది కాదు లెక్క. ఒక్క పాటైనా స్పష్టంగా పలికి, విన్నవారు కలిసి పాడగలిగితే సంఘానికి మేలు కలుగుతుంది.

రికార్డరు గొంతు చిన్నది. పెద్ద సభలో అది వినబడదు. కాని పదిహేను ఇండ్ల సంఘానికి, ఇంటి ప్రార్థనకు, సండే స్కూలుకు, జబ్బుతో మంచం పట్టిన వారి పక్కన ఒక కీర్తన వినిపించడానికి అది చాలును. కరెంటు పోయిన రాత్రి స్పీకరు మూగపోతుంది, దీపం వెలుగులో ఇది పలుకుతుంది. అవ్వ మరల ఎత్తుకున్న చరణం కోసం ఆగుతుంది.

ఈ వేసవి సెలవులలోనో, రాబోయే క్రిస్మస్ లోపుననో మీ ఇంట్లో ఒక్కరైనా ఐదు స్వరాలు నేర్చుకొని, ఒక్క పాటను అవ్వ గుర్తుపట్టేలా వాయించాలని మా కోరిక. మనలో ఊపిరి ఊదిన దేవుడు ఆ ఊపిరితో పలికే మీ చిన్న పాటను అంగీకరించి, మీ గృహమును తన సమాధానముతో నింపును గాక. ఆమేన్.